రెండు వేళ్ల సందు

కొత్త మోవర్‌ను చెక్కపెట్టెలోంచి బయటికి లాగడానికి గంట పట్టింది. దాని చుట్టూ తిరగడం మానడానికి మెయింటెనెన్స్ ఇంజనీరుకి ఇంకో అరగంట పట్టింది. ఆయన ఎర్రరంగు మీద వేలితో రాసి, ఆ వేలిని వెలుతుర్లో చూసుకుని, జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"దీనిమీద గీత పడకూడదు," అన్నాడు.

రాళ్లూ రప్పలూ ఉన్న కాలేజీ మైదానంలో గీత పడకుండా గడ్డెలా కోస్తారో ఆయనే చెప్పాలి. ఫిట్టరమ్మ అడగలేదు. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో పానాలు పట్టింది ఆమె ఒక్కతే. సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే ఒక క్షణం ఆగిగాని పలకదు. ఆ పదకొండేళ్లలో ఆమె నేర్చుకున్న పనుల్లో నోరు మూసుకోవడం ఒకటి. అది ఆమెకు పానా పట్టినంత బాగా మాత్రం రాలేదు.

ట్రాక్టరు చిన్నది, మైదానాల కోసమే కొన్నది. ఇన్నాళ్లూ దాని వెనక చక్రాల మోవర్ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చేది. ఇది అలా కాదు, ట్రాక్టరు వీపుకే తగిలించాలి. కింద రెండు చేతులు, పైన ఒక లింకు. డ్రైవరు లీవరు లాగితే మోవర్ నేల విడిచి పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. బ్లేళ్లను తిప్పే షాఫ్టు మధ్యలో ఉంటుంది. దాని ఒక కొస ట్రాక్టరుకి, రెండో కొస మోవర్ గేరుబాక్సుకి.

ట్రాక్టరు సీట్లో డ్రైవరు బాబాయ్ ఉన్నాడు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ నెలల్ని ఆయన పెళ్లిచూపుల తారీకులా రోజూ లెక్కబెడుతుంటాడు.

"వెనక్కి బాబాయ్. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపు. ఇప్పుడు మీసమంత ముందుకి."

"నా మీసమా, ఇంజనీరు గారి మీసమా?"

"నీదే. ఆయన మీసమంతయితే అసలు కదలక్కర్లేదు."

బాబాయ్ నవ్వాపుకుంటూ క్లచ్చి వదిలాడు. ట్రాక్టరు మీసమంతే కదిలింది. కింది చేతుల కన్నాలు పిన్నుల ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఆమె మోకాళ్లమీద కూర్చుని పిన్ను దూర్చింది, క్లిప్పు పెట్టింది, రెండో పక్కకి పాకి అక్కడా అదే చేసింది. మోవర్ పక్కలకి ఊగి టైర్లని గీకకుండా గొలుసులు బిగించింది. టైరుకీ మోవర్ అంచుకీ మధ్య అరచెయ్యి నిలువుగా పెట్టి చూసింది. చెయ్యి తగలకుండా తిరిగింది. లేచి వచ్చి షాఫ్టు తీసింది.

షాఫ్టంటే ఒకదాన్లో ఒకటి జారే రెండు గొట్టాలు. మోవర్ నేలమీద ఉన్నప్పుడు అది ఎలాగోలా ఎక్కింది. ఆమె మళ్లీ ఊడదీసింది. రెండు గొట్టాలనీ విడదీసి, ఒకటి ట్రాక్టరుకీ ఒకటి గేరుబాక్సుకీ తగిలించి, పక్కపక్కన పట్టుకుని, మెల్లగా ఎత్తమని బాబాయ్‌కి చెప్పింది. మోవర్ లేస్తున్నకొద్దీ గేరుబాక్సు ట్రాక్టరు దగ్గరికి జరిగింది. మోకాలెత్తు వచ్చేసరికి ఒక గొట్టం కొస రెండో దాని మెడదాకా వచ్చేసింది. ఆమె చేత్తో ఆగమంది.

"ఇక్కడ గుద్దుకుంటుంది సార్. కొయ్యాలి."

"ఏది కొయ్యాలి?"

"షాఫ్టు. రెండు గొట్టాలూ మూడేసి అంగుళాలు. బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా రెండు వేళ్ల సందుండాలి. లేకపోతే పైకెత్తినప్పుడల్లా ఇది గునపంలా గేరుబాక్సుని పొడుస్తుంది."

ఇంజనీరు షాఫ్టు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూసిన చూపు, పసిపిల్ల చెవి కొయ్యమన్నట్టుంది.

"కొత్తదమ్మా అది."

"కొత్తదే సార్. కంపెనీవాళ్లు అన్ని ట్రాక్టర్లకీ సరిపోవాలని పొడుగ్గా పంపిస్తారు. మనది పొట్టి ట్రాక్టరు."

"ఎంత పొడుగుండాలో కంపెనీవాళ్లకి తెలీదా?"

"వాళ్లకి షాఫ్టు తెలుసు సార్. మన ట్రాక్టరు తెలీదు. వాళ్ల పుస్తకంలో రాసే ఉంటుంది, చూడండి."

"పుస్తకం కవర్లో ఉంది. స్టాకు రిజిస్టర్లో ఎక్కించేదాకా కవరు చించకూడదు." ఆయన గొంతు తగ్గించాడు, అదేదో ఆమెకి మేలు చేస్తున్నట్టు. "రేపు ఆడిట్‌కి వచ్చినవాళ్లు చూస్తారు. వచ్చిన రోజే కొత్త సామానుకి రంపం పెట్టారని రాస్తారు. వారంటీ పోయిందంటారు. సంతకం ఎవరిది? నాది. అయినా కిందున్నప్పుడు సరిపోయింది కదా?"

"కింద సరిపోయింది సార్."

"గడ్డి ఎక్కడుంటుంది? కిందే కదా. ఇక పైకెత్తడం ఎందుకు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి బాబాయ్ నోరు తెరిచాడు. ఆమె కళ్లతోనే వద్దంది. సోమవారం ఆటల పోటీలు. ఇవాళ బుధవారం. రంపం గోడకి వేలాడుతూనే ఉంది, తీసుకుంటే పావుగంట పని. ఆమె తీసుకోలేదు. షాఫ్టు ఎలా వచ్చిందో అలాగే ఎక్కించి, కొసలు బిగించి, గ్రీజు కొట్టింది. ఇంజనీరు వెళ్లాక లీవరు పక్కన సుద్దతో ఒక గీత గీసింది.

"దీన్ని దాటి ఎత్తకు బాబాయ్. నేలనుంచి జానెడు. అంతే."

"జానెడు చాలా?"

"చాలదు. అయినా అంతే."

*

గురువారం పొద్దున పదిన్నరకి ఆమె పాత బ్లేళ్లకి సాన పడుతుంటే ఆ చప్పుడు వినిపించింది. పగిలిన చప్పుడు కాదది. లోపల్నించి ఎవరో ఒక్కసారి గట్టిగా మూలిగినట్టుంది. తర్వాత ఇంజను ఆగింది. ఆమె బ్లేడు కింద పెట్టలేదు, అలాగే చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

పెద్ద మైదానానికీ చిన్న మైదానానికీ మధ్య సిమెంటు గట్టు ఉంది. ట్రాక్టరు ముందు చక్రాలు గట్టుకి అటూ, వెనక చక్రాలు ఇటూ ఉన్నాయి. మోవర్ గాల్లో ఉంది. గేరుబాక్సు నోటిదగ్గర బీట వేసి, దాన్లోంచి నల్లటి నూనె గడ్డిమీద పడుతోంది. బాబాయ్ గట్టుమీద కూర్చుని ఎడమ చీలమండ పట్టుకున్నాడు. చప్పుడుకి దూకేశాడట.

"బ్లేళ్లు ఆపే ఎత్తానమ్మా," అన్నాడు ముందుగా. నొప్పి సంగతి తర్వాత చెప్పాడు.

గట్టుకి పక్కగా వాలుదారి ఒకటుంది. రోజూ అటే వెళ్తాడు. ఇవాళ షామియానా లారీ దానికి అడ్డంగా నిలబడింది. లారీ డ్రైవరు టీకి వెళ్లాడు. బాబాయ్ ఆగాడు. పెవిలియన్ మెట్లమీంచి ఇంజనీరు రెండుసార్లు చెయ్యి ఊపాడు, మూడోసారి కేకేశాడు: "ఏంటయ్యా అక్కడ నిద్దరపోతున్నావా? గట్టు దాటించెయ్." గట్టు దాటాలంటే మోవర్ మూరెడు లేవాలి. జానెడుకి దాటదు.

ఇంజనీరు అప్పటికే వచ్చేశాడు. ఆయన చూసింది నూనెని. "గడ్డంతా మాడిపోతుంది. సోమవారానికి ఎలా?" అన్నాడు. తర్వాత చీలమండని చూశాడు. "అంత పైకెత్తమని నీకెవరు చెప్పారు?"

బాబాయ్ ఆయన మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న నిజంగానే అడిగాడా అని వెతికినట్టు చూశాడు. తర్వాత ఫిట్టరమ్మ వైపు తిరిగాడు. ఆమె చేతిలో బ్లేడు బరువెక్కింది.

అప్పుడు ఒక్క మాట అనాలి. అనలేదు. కట్టు కట్టించాలి, ముందు అది చూద్దాం అనుకుంది. సాకుగా ఒక మంచిపని ఎప్పుడూ దొరుకుతుంది.

*

శుక్రవారం బాబాయ్‌ని సస్పెండు చేశారు. శనివారం ఇంజనీరు ఆమెని గదికి పిలిచి కుర్చీ చూపించాడు. పదకొండేళ్లలో ఆయన కుర్చీ చూపించడం అదే మొదలు. ఆ కుర్చీని చూడగానే ఆమెకి విషయం సగం అర్థమైంది.

కాగితం ఒక పేజీ. మోవర్‌ని నిబంధనల ప్రకారం సరిగ్గా బిగించారని, డ్రైవరు హెచ్చరికను లెక్కచెయ్యకుండా అజాగ్రత్తగా ఎత్తడం వల్ల గేరుబాక్సు పగిలిందని ఉంది. కింద రెండు సంతకాల చోటు. ఒకటి నిండింది.

"విచారణ మంగళవారం. ప్రిన్సిపాల్ మేడమ్ ఈ కాగితం చూస్తారు, తీసేస్తారు, అయిపోతుంది," అన్నాడు.

"ఎవర్ని తీసేస్తారు సార్?"

"ఎవర్నంటే? డ్రైవర్ని."

"పద్నాలుగు నెలలుంది సార్ ఆయనకి."

"అదే నేనూ అంటున్నా. ఎలాగూ పోయేవాడేగా." ఆయన పెన్ను ఆమె వైపు జరిపాడు. "నువ్వు హెచ్చరించావా లేదా? గీత కూడా గీశావుగా. నేను చూశాను. మంచి పని చేశావు."

ఆమె సుద్దగీత ఇప్పుడు ఆయనకి సాక్ష్యమైంది. పెన్ను ముట్టుకోకుండా చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"కొయ్యాలని చెప్పాను సార్ మీకు."

"నాకెప్పుడు చెప్పావు? రాసిచ్చావా?" ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "చూడమ్మా. సరిగ్గా బిగించామంటే తప్పు ఎత్తినవాడిది. సరిగ్గా బిగించలేదంటే... బిగించింది ఎవరు? నేను పానా పట్టుకున్నానా? ఆలోచించుకో. సోమవారం కంపెనీ నుంచి కొత్త గేరుబాక్సు, కొత్త షాఫ్టు వస్తాయి. మొన్నటిలాగే బిగించు."

"మొన్నటిలాగేనా? కొయ్యకుండానా?"

"ఇప్పుడు కోస్తే మొన్న కొయ్యకపోవడం తప్పని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?"

మనిషి తప్పు చెయ్యడం ఆమె చాలాసార్లు చూసింది. తప్పుని కాపాడుకోవడానికి అదే తప్పుని ఇంకోసారి బిగించమనడం ఇదే చూడటం.

కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

*

ఆదివారం బాబాయ్ ఇంటికి వెళ్లింది. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఆయన కాలు ఎత్తుపీటమీద ఉంది. పిన్ని తలుపు తీసి, "రా అమ్మా," అంది. మామూలుగా ఆ మాట తర్వాత ఇంకో పది మాటలొస్తాయి. ఇవాళ రాలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి వంటగదిలోకి వెళ్లి, అక్కడే గిన్నెల చప్పుడు చేస్తూ ఉండిపోయింది.

"వాపు తగ్గిందా బాబాయ్?"

"కాలుది తగ్గింది."

ఫ్యాను తిరుగుతోంది. గోడమీది క్యాలెండరులో ప్రతి తారీకునీ కొట్టేసిన గీతలు గురువారం దగ్గర ఆగిపోయాయి. ఆమె అటు చూడకుండా ఉండాలనుకుంది, చూసింది.

"కాగితం తెచ్చావా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఇంజనీరు ఫోన్ చేశాడు. నన్నే రాజీనామా ఇచ్చెయ్యమన్నాడు, గౌరవంగా ఉంటుందట. ఆ మనిషి నా గౌరవం గురించి ఇంత ఆలోచిస్తాడని ముప్పై ఏళ్లలో నాకు తెలీలేదు." నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. "సంతకం పెట్టెయ్ అమ్మా. అబద్ధమేం కాదుగా. జానెడన్నావు, మూరెడు ఎత్తాను."

"బాబాయ్..."

"నేనొకటి అడుగుతా చెప్పు. గుద్దుకుంటుందని నీకు తెలుసు. రంపం గోడకే ఉంది. ఆయన వెళ్లిపోయాక కోస్తే ఆయన కొలుచుకుని చూసేవాడా? నువ్వు కోసింది కనుక్కునేంత పని ఆయనకొచ్చా?" ఆయన గొంతు పెరగలేదు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. "ఆయన భయం ఆయనది. నీ భయం నీది. మీ ఇద్దరి భయాలూ కలిపి నా వెనక తగిలించి, పైన సుద్దగీత గీశావు."

మంచినీళ్ల గ్లాసు ఆమె చేతిలోనే ఉంది. తాగలేదు. అలాగే పక్కన పెట్టి ఇంటికొచ్చింది.

భర్త వరండాలో మిషను ముందున్నాడు. టైలరు. ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తూ ఆమె మొహం చూసి కాలు ఆపాడు. అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు: "కొత్త గుడ్డ కొయ్యనని భీష్మించుకుంటే నేను జనానికి దుప్పట్లు కప్పి పంపించాలి." ఆమె నవ్వలేదు. ఆయన కాలరు తిప్పి చూసి, "సంతకం పెట్టకపోతే నిన్ను తీస్తారా?" అన్నాడు.

"తియ్యొచ్చు."

"పెడితే?"

"నేను అక్కడే ఉంటాను. రోజూ ఆ మనిషి కుర్చీ చూపిస్తాడు."

ఆయన దారం తెంపాడు. "మరి మనింట్లో కుర్చీలున్నాయిగా," అన్నాడు.

ఆమె పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపింది. మొదటి వాక్యం రాయడానికే ఎక్కువసేపు పట్టింది. 'ఈ మోవర్‌ను బిగించినది నేను. షాఫ్టు పొడుగని నాకు తెలుసు.' కొయ్యొద్దన్నదెవరో, గట్టు దాటించమన్నదెవరో, ఆ తర్వాతవి చకచకా వచ్చాయి.

*

సోమవారం పోటీలు పాత మోవర్ కోసిన గడ్డిమీదే జరిగాయి. ఎవరూ తేడా కనిపెట్టలేదు. మధ్యాహ్నం కొత్త గేరుబాక్సు, కొత్త షాఫ్టు వచ్చాయి. ఆమె మొన్నటిలాగే బిగించింది, ఒక్క అంగుళం కూడా తగ్గించకుండా. మంగళవారం పొద్దున నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, ఇంజనీరు ఇచ్చిన కాగితం టేబులు మీద పెట్టింది.

"సంతకం పెట్టమన్నారు మేడమ్. పెట్టేముందు మీరొకసారి షెడ్డుకి రావాలి."

ప్రిన్సిపాల్ వృక్షశాస్త్రం పాఠం చెప్పిన మనిషి. మైదానంలోని గడ్డికి మూడు రకాల పేర్లు చెప్పగలదు. దాన్నెలా కోస్తారో ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. అయినా కళ్లజోడు పెట్టుకుని లేచింది. దారిలో ఇంజనీరు కలిశాడు, సగం పరుగుతో.

షెడ్డులో ట్రాక్టరు సిద్ధంగా ఉంది. "అంతా సరిగ్గానే ఉంది మేడమ్, చూస్తున్నారుగా," అన్నాడు ఇంజనీరు.

"సరిగ్గానే ఉందా అమ్మా?" ప్రిన్సిపాల్ ఆమెనడిగింది.

"మొన్న ఎలా ఉందో అలాగే ఉంది మేడమ్. సార్ అలాగే బిగించమన్నారు. డ్రైవరు మొన్న ఎత్తినంత ఎత్తి చూపిస్తే మీకే తెలుస్తుంది."

"అయితే ఎత్తండి."

"డ్రైవరు లేడు కదా మేడమ్," అన్నాడు ఇంజనీరు.

"సార్‌కి ట్రాక్టరు వచ్చండీ. ఇంటర్వ్యూలో నడిపారట," అంది ఫిట్టరమ్మ. "ఎక్కండి సార్."

ఆయన ఎక్కాడు. ఎక్కక తప్పలేదు. ఇంజను స్టార్టయింది. ఆయన చెయ్యి లీవరు మీదికి వెళ్లింది. మోవర్ నేల విడిచి లేచింది. జానెడు. అక్కడ ఆగింది.

"ఇంకా సార్. గట్టు దాటాలంటే మూరెడు."

ఆయన వెనక్కి తిరిగి షాఫ్టుని చూశాడు. గొట్టం గొట్టంలోకి దూరిపోయి ఉంది, మిగిలిన జాగా అరచేతి వెడల్పు. నుదుటిమీద చెమట చుక్క కనుబొమ్మదాకా జారింది. తుడుచుకోలేదు. లీవరు మీది వేళ్లు తెల్లబడ్డాయి. ఇంజను డుగడుగలాడుతోంది. ప్రిన్సిపాల్ షాఫ్టుని చూడటం లేదు, ఆయన వేళ్లని చూస్తోంది.

"ఎందుకు ఆపారు?" అంది.

"ఇది... గడ్డికి ఇంత చాలండీ మేడమ్."

"సరిగ్గా ఉందన్నారుగా. ఎత్తండి."

ఆయన ఎత్తలేదు. కొంచెంసేపటికి చెయ్యి తీసి, తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగాక షెడ్డులో పిచ్చుకల గోల వినిపించింది. దిగేటప్పుడు మెట్టు తప్పాడు. ఎవరూ పట్టుకోలేదు.

"డ్రైవరు ఎత్తాడు, మీరు ఎత్తరు," అంది ప్రిన్సిపాల్. "ఎత్తితే పగులుతుందని మీకు తెలుసు. అంతేనా?"

ఇంజనీరు జేబురుమాలు కోసం వెతుక్కుంటున్నాడు. ఫిట్టరమ్మ తన కాగితం తీసి ఇచ్చింది. ప్రిన్సిపాల్ నిలబడే చదివింది. మొదటి వాక్యం దగ్గర ఆగి తలెత్తింది.

"మీ తప్పు కూడా రాసుకున్నారే?"

"ఉంది కదా మేడమ్."

*

సస్పెన్షను ఎత్తేశారు. ఇంజనీరుకి ఒక మెమో, ఫిట్టరమ్మకి ఒక మెమో వచ్చాయి. ఒకే కాగితం, ఒకే మాటలు, పైన పేరు ఒక్కటే తేడా. కొయ్యాలన్నవాళ్లకీ వద్దన్నవాళ్లకీ ఒకే తూకమేసిన న్యాయం అది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కోపం దిగలేదు, అన్నం మాత్రం దిగింది. ఇంజనీరు గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. మాన్యువల్ ఇంకా కవర్లోనే ఉంది.

శుక్రవారం బాబాయ్ కొంచెం కుంటుతూ వచ్చాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. పలకరించలేదు. ఆమె గోడమీంచి రంపం తీసింది.

షాఫ్టు ఊడదీసి రెండు గొట్టాలనీ బెంచీమీద పరిచింది. మోవర్ ఎత్తి, బాగా దగ్గరికొచ్చే చోట ఆపి, పక్కపక్కన పట్టి, గుర్తు గీసింది. గొట్టాన్ని వైసులో బిగించి కొయ్యడం మొదలుపెట్టింది. ఇనప రజను చెప్పుల మీద రాలింది. రెండో గొట్టం కూడా అంతే కోసింది, పైనుండే ప్లాస్టిక్ తొడుగులు కూడా. కోసిన అంచుల్ని ఆకురాయితో రాసి, లోపల రజను గుడ్డతో తుడిచి, గ్రీజు పట్టించింది. వైసు చుట్టూ ముక్కలు పడ్డాయి. ఆయన వంగి ఒక ముక్క తీసి బరువు చూశాడు. బెంచీమీద పెట్టాడు.

మోవర్ దించి, షాఫ్టు ఎక్కించి కొసలు బిగించింది. లేచి, చేతులు తుడుచుకుంటూ, "ఎక్కు బాబాయ్," అంది.

ఆయన కదల్లేదు. చేతులు కట్టుకున్నాడు.

"నువ్వెక్కు," అన్నాడు.

ఆమె ఎక్కింది. సీటు ఆమెకి ఎత్తు, కాళ్లు సగమే ఆనాయి. ఇంజను స్టార్టు చేసి లీవరు లాగింది. జానెడు దగ్గర చెయ్యి దానంతటదే ఆగబోయింది. కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. వెనక్కి తిరిగి షాఫ్టునే చూస్తూ లాగింది. మూరెడు. మోకాలెత్తు. లీవరు ఇక కదలనంతదాకా. మోవర్ గాల్లో నిలబడింది. గొట్టం కొసకీ మెడకీ మధ్య వెలుతురు కనిపించింది.

బాబాయ్ నొప్పికాలు పక్కకి చాచి వంగాడు. ఆ సందులో రెండు వేళ్లు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత లేచి మోకాలు దులుపుకున్నాడు.

"దిగు," అన్నాడు. "సీటు వేడెక్కిస్తున్నావు."